స్కానింగ్ సెంటర్లకు నాణ్యతా గుర్తింపు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యారోగ్య శాఖ మంత్రులకు బహిరంగ లేఖ



ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్, సీటీ, ఎమ్మారై, మామోగ్రఫీ వంటి పరీక్షలు చేసే కేంద్రం తలుపులు తెరవాలంటే, అక్కడ వాడే యంత్రాన్ని బట్టి రెండు మూడు ప్రభుత్వ వ్యవస్థల అనుమతి కావాలి. రేడియేషన్ సంగతి చూసేది అణుశక్తి నియంత్రణ మండలి; అందరి నోటా ఏఈఆర్‌బీ. లింగనిర్ధారణ జరగకుండా చూసేది పీసీపీఎన్‌డీటీ చట్టం కింద పనిచేసే జిల్లా యంత్రాంగం. కేంద్రాన్ని వైద్యసంస్థగా నమోదు చేసుకునేది జిల్లా వైద్యారోగ్యాధికారి కార్యాలయం. ఇవన్నీ తప్పనిసరి. తీసిన చిత్రం రోగం పట్టేంత స్పష్టంగా ఉందా, దాన్ని చదివి రాసిన రిపోర్టు నమ్మదగినదా అని చూసే వ్యవస్థ మరొకటి ఉంది. దాన్ని అక్రెడిటేషన్ అంటారు. అది మాత్రం ఇష్టముంటే తీసుకోవచ్చు, లేకుంటే మానుకోవచ్చు. రోగి డబ్బు కట్టేది ఆ చిత్రానికి, ఆ రిపోర్టుకే.

తప్పనిసరి అనుమతుల్లో అన్నిటికంటే వివరంగా ఉన్నది ఏఈఆర్‌బీది. 1983 నవంబర్‌లో ముంబై కేంద్రంగా ఏర్పడిన ఈ సంస్థ, 1962 నాటి అణుశక్తి చట్టం కింద 2004లో వచ్చిన రేడియేషన్ రక్షణ నిబంధనలను అమలు చేస్తూ వచ్చింది. రోగనిర్ధారణ ఎక్స్‌రే పరికరాల కోసం దాని భద్రతా నియమావళి 2016లో సవరణ పొందింది. ప్రమాదం ఎంత ఎక్కువైతే అనుమతి అంత గట్టిది. సీటీకి, క్యాథ్‌ల్యాబ్‌కు లైసెన్సు కావాలి. మామూలు ఎక్స్‌రేకు, పళ్ల ఎక్స్‌రేకు, మామోగ్రఫీకి రిజిస్ట్రేషన్ చాలు. దరఖాస్తులన్నీ ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలోనే సాగుతాయి. కొనే యంత్రం ముందే టైప్ అప్రూవల్ పొందిన మోడల్ అయి ఉండాలి. గది గోడలు రేడియేషన్‌ను ఆపగలిగేంత మందంగా ఉండాలి, తలుపుకు సీసపు రేకు ఉండాలి. యంత్రం దగ్గర పనిచేసే వారి ఛాతీమీద టీఎల్‌డీ బ్యాడ్జి ఉండాలి. మూడు నెలలకోసారి దాన్ని ల్యాబ్‌కు పంపి, ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో లెక్క తీయించాలి. బాధ్యత వహించడానికి ఒక రేడియేషన్ భద్రతాధికారి ఉండాలి.

రెండేళ్లకోసారి, పెద్ద మరమ్మతు జరిగినప్పుడూ యంత్రానికి నాణ్యతా పరీక్ష చేయించాలి. మీట నొక్కినప్పుడు తెరమీద కనిపించే కిలోవోల్టులు, ట్యూబులో నిజంగా ఉన్న కిలోవోల్టులు ఒకటేనా? రోగి ఒంటిమీద దీపం వెలుగు పడిన మేరకే కిరణాలు కూడా పడుతున్నాయా, పక్కకు జరిగాయా? ట్యూబు కవచం నుంచి బయటికి కారే రేడియేషన్ మీటరు దూరంలో గంటకు ఒక మిల్లీగ్రే లోపే ఉందా? ఇలాంటి ప్రశ్నలకు ఆ పరీక్ష జవాబు చెబుతుంది. ఇది గట్టి పరీక్షే. చాలా కేంద్రాల్లో రోగికి నిజంగా మేలు చేసే కాగితం ఏదైనా ఉందంటే అది ఈ పరీక్ష నివేదికే. అయితే యంత్రం ఎంత చేయగలదో అది చెబుతుంది. రోజూ దానితో ఎలా పని చేయిస్తున్నారో చెప్పదు.

డోసుల పరిమితుల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. రేడియేషన్ దగ్గర పనిచేసే సిబ్బందికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు. బయట నడవలో కూర్చున్న మామూలు మనిషికి ఏడాదికి 1 మిల్లీసీవర్టు. బల్లమీద పడుకున్న రోగికి మాత్రం పరిమితి అంటూ లేదు. ఇది లోపం కాదు. చికిత్సకు అవసరమైన పరీక్షను ఒక అంకె అడ్డుకోకూడదని ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతి. దానికి బదులుగా రోగిని కాపాడాల్సినవి రెండు: ఈ పరీక్ష నిజంగా అవసరమా అన్న వైద్యుడి విచక్షణ, అవసరమైన సమాచారాన్ని వీలైనంత తక్కువ డోసుతో రాబట్టే టెక్నీషియన్ నేర్పు. ఒక ఛాతీ ఎక్స్‌రేలో ఒంటికి చేరేది మిల్లీసీవర్టులో పదోవంతు లేదా అంతకన్నా తక్కువ. కడుపు సీటీలో సుమారు 8 నుంచి 10. చిన్నపిల్లకు పెద్దవాళ్ల సెట్టింగులతోనే సీటీ తీసినా చిత్రం చక్కగానే వస్తుంది, ఇంకా బాగా కూడా వస్తుంది. ఎక్కువ డోసు పడిందని ఆ చిత్రం చూసి కనిపెట్టలేం. లైసెన్సు తనిఖీకి ఆ సంగతి అందదు.

లైసెన్సు వ్యవస్థ కూడా ఇటీవలి దాకా కాగితం మీదే ఎక్కువగా ఉండేది. 2012లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం, దేశంలో ఉన్న 57,443 ఎక్స్‌రే యూనిట్లలో ఏఈఆర్‌బీ వద్ద నమోదైనవి 5,270 మాత్రమే. అంటే 91 శాతం లెక్కలోనే లేవు. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్ ఉండాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది. కాగ్ చూసే నాటికి అది ఏర్పడింది కేరళ, మిజోరంలలోనే. నమోదును సులువు చేసిన ఈ-లోరా ఆ తర్వాత వచ్చింది. నియమం ఉండటానికీ, నియమం నడవటానికీ ఎంత దూరం ఉంటుందో చెప్పే నివేదిక అది. అక్రెడిటేషన్ గురించి ఆలోచించే ప్రభుత్వం బల్లమీద ఉండాల్సింది.

రెండో అనుమతి, పీసీపీఎన్‌డీటీ, తెలుగు రాష్ట్రాల పాఠకులకు బాగా పరిచయం. లింగనిర్ధారణ చేయబడదని తెలుగులో రాసిన బోర్డు లేని అల్ట్రాసౌండ్ గది ఉండదు. 1994 చట్టం 1996 జనవరి 1న అమలులోకి వచ్చి, 2003లో మరింత బిగిసింది. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకు. ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి, నెలనెలా ఐదో తేదీలోగా నివేదిక పంపాలి, రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలి. ఫారంలో లోపం గుమాస్తా పొరపాటు కిందికి రాదని, దాన్ని నేరంగానే చూడాలని 2019 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ కాగితాలను నిజంగా చదివితే ఏం జరుగుతుందో అంతకు చాలా ముందే హైదరాబాద్ చూపించింది. 2004 తర్వాత అక్కడి జిల్లా యంత్రాంగం ఫారం-ఎఫ్‌లను పోగుచేసి పరిశీలించి, నిబంధనలు పాటించని కేంద్రాలపై చర్యలు తీసుకోవడం దేశమంతా చర్చకు వచ్చింది.

ఆ చట్టం లక్ష్యం వేరు. ఆడపిల్ల పుట్టకముందే ప్రాణం పోకుండా కాపాడటం దాని పని. బిడ్డ గుండెలో రంధ్రం ఉందో లేదో సరిగ్గా చెప్పగలిగే మనిషి ప్రోబ్ పట్టుకున్నాడా అని చూడటం దాని పని కాదు. స్కాన్ చేసే ఎంబీబీఎస్ వైద్యులకు ఆరు నెలల శిక్షణ ఉండాలని 2014 నిబంధనలు చెప్పాయి. మంచిదే. ఒకసారి శిక్షణ పొందిన తర్వాత ఏటా చేసిన స్కాన్లలో ఎన్ని తప్పాయో అడిగేవారు లేరు. ఐదో నెలలో బిడ్డ అవయవాలను పరిశీలించడానికి చేసే టిఫా స్కాన్‌నే తీసుకుంటే, బిడ్డ వెన్నెముకలో లోపం అప్పుడు కనబడాలి. గర్భస్రావ చట్టానికి 2021లో వచ్చిన సవరణ ప్రకారం ప్రత్యేక వర్గాల స్త్రీలకు 24 వారాల వరకు అవకాశం ఉంది. ఆ తర్వాత తీవ్ర లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. ఇరవయ్యో వారంలో రాసిన ‘అంతా నార్మల్’ తప్పైతే ఆ కుటుంబం బోర్డుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు.

మూడోది సంస్థ నమోదు. ఉమ్మడి రాష్ట్రం 2002లోనే ప్రైవేటు వైద్యసంస్థల నమోదు చట్టం తెచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2010లో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం చేసింది. దాన్ని స్వీకరించిన రాష్ట్రాల్లో తెలంగాణ ఉంది. స్థలం, సిబ్బంది, ధరల పట్టిక, అగ్నిమాపక అనుమతి, జీవవ్యర్థాల ఒప్పందం వంటివి ఇందులో చూస్తారు. స్కానింగ్ నాణ్యత గురించి ఇంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదు.

ఈ మూడు వలల మధ్యనుంచి జారిపోయేవాటిలో మొదటిది ఎమ్మారై. అందులో ఎక్స్‌కిరణాలు లేవు కాబట్టి ఏఈఆర్‌బీకి సంబంధం లేదు. అయస్కాంతం మాత్రం యంత్రం వాడకపోయినా రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. 2018 జనవరిలో ముంబైలోని ఒక ఆసుపత్రిలో రోగి బంధువు ఆక్సిజన్ సిలిండర్‌తో ఎమ్మారై గదిలోకి వెళ్లి ప్రాణం కోల్పోయాడు. ఆ గదిలోకి ఎవరు, ఏ వస్తువుతో, ఎవరి అనుమతితో వెళ్లాలన్నది ఎవరో ఒకరు రాసిపెట్టి, రోజూ అమలు చేయాల్సిన విషయం. ఒంట్లో పేస్‌మేకర్ ఉందా, పాత ఆపరేషన్ క్లిప్పులు ఉన్నాయా అని అడిగే పత్రం ఉండాలి, దాన్ని నింపించే మనిషి దాని అర్థం తెలిసినవాడై ఉండాలి.

రెండోది టెక్నీషియన్. మెడికల్ ఇమేజింగ్ డిప్లొమా చేసి పారామెడికల్ బోర్డులో నమోదైనవారు ఉన్నారు. పనిచేస్తూ చూసి నేర్చుకున్నవారూ ఉన్నారు. ఏ షిఫ్టులో ఎవరున్నారన్నది తెల్లవారుజామున రెండింటికి ప్రమాదంలో తల పగిలి వచ్చిన మనిషికే తెలుస్తుంది. మూడోది రిపోర్టు. చిన్న పట్టణంలో తీసిన చిత్రం ఇప్పుడు టెలిరేడియాలజీ ద్వారా ఎక్కడో ఉన్న రేడియాలజిస్టు తెరమీదికి వెళుతుంది. రేడియాలజిస్టులు చాలని రాష్ట్రాల్లో అది వరం. చదివింది ఎవరు, ఆ రోజు ఎన్నో చిత్రంగా చదివారు, పాత చిత్రంతో పోల్చి చూశారా అన్నవి రిపోర్టులో కనిపించకపోతే మాత్రం సంతకం ఒక ముద్ర మాత్రమే. నాలుగోది కమీషన్. రెఫర్ చేసినందుకు డబ్బు తీసుకోవడం వైద్యుల నైతిక నియమావళి ప్రకారం 2002 నుంచీ నిషిద్ధమే. ఊళ్లో ప్రతి ఒక్కరికీ తెలిసిన ఈ సంగతి ఏ తనిఖీ నివేదికలోనూ కనబడదు. అవసరం లేని స్కాన్లకు మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఈ ఖాళీల్లో చాలావాటిని పూడ్చడానికి పుట్టిందే అక్రెడిటేషన్. మన దేశంలో క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద ఉన్న ఎన్‌ఏబీహెచ్, ఆసుపత్రులతో పాటు ఇమేజింగ్ కేంద్రాల కోసం విడిగా ఒక కార్యక్రమం నడుపుతోంది. లైసెన్సు తనిఖీకీ దీనికీ పద్ధతిలోనే తేడా ఉంది. మదింపుకు వచ్చినవారు గోడమీది కాగితాలతో ఆగరు. ఒక రోగి ఫైలు తీసి, అతను అడుగుపెట్టినప్పటి నుంచి రిపోర్టు చేతికి వచ్చేదాకా నడిచిన దారిలో తామూ నడుస్తారు. పంపిన వైద్యుడు చీటీలో ఏం అనుమానించి పంపాడో రాశాడా, లేక ‘సీటీ బ్రెయిన్’ అని రెండు మాటలు రాసి వదిలేశాడా? పేరు ఒక్కటే చూశారా, వయసో ఐడీ నంబరో కూడా సరిచూసుకున్నారా? ఒకే పేరున్న ఇద్దరు ఒకే ఉదయం రావడం తెలుగునేలమీద వింతేమీ కాదు. బిడ్డ కనే వయసున్న స్త్రీని గర్భం గురించి అడిగారా? కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చే ముందు కిడ్నీల పనితీరు తెలుసుకున్నారా? ఇంజెక్షన్ పడక ఊపిరాడకపోతే వాడాల్సిన అడ్రినలిన్ ట్రేలో ఉందా, దాని గడువు తీరిపోయిందా?

చిత్రం బాగా రాక మళ్లీ తీయాల్సి వచ్చిన ఎక్స్‌రేల లెక్క ఇంకో మంచి కొలత. ప్రతి సారీ కారణం రాయాలి: రోగి కదిలాడు, డోసు ఎక్కువైంది, ఎడమకు బదులు కుడి చేయి తీశారు. నెల చివర ఆ లెక్క చూసుకునే కేంద్రంలో తప్పులు వాటంతట అవే తగ్గుతాయి. రాసే అలవాటే లేని చోట ఆ రెండో డోసు ఎవరి లెక్కలోకీ రాదు. సీటీ యంత్రం ప్రతి రోగికీ ఎంత డోసు ఇచ్చిందో తానే తెరమీద చూపిస్తుంది. అది రికార్డులోకి ఎక్కాలి. మెదడులో రక్తస్రావమో, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడమో కనబడితే రిపోర్టు టైపయ్యేదాకా ఆగకుండా చికిత్స చేస్తున్న వైద్యుడికి ఫోన్ చేయాలి, ఎప్పుడు ఎవరికి చెప్పారో రాసిపెట్టాలి. కొన్ని రిపోర్టులను ఏరి, మొదటి రిపోర్టు చూడకుండా మరో రేడియాలజిస్టుతో చదివించి, తేడా వస్తే ఎందుకొచ్చిందో చర్చించాలి. ఈ చివరిదే అన్నిటికంటే కష్టం. తమ తప్పులు పట్టించుకోవడానికి డబ్బు ఖర్చుపెట్టడం ఏ వ్యాపారికీ అంత తేలిగ్గా మింగుడుపడదు.

గుర్తింపు ఉందని చెప్పుకునే కేంద్రాల విషయంలోనూ ఒక జాగ్రత్త అవసరం. ఏ గుర్తింపయినా దాని పత్రంలో రాసిన పరీక్షలకే వర్తిస్తుంది. రక్తపరీక్షల విభాగానికి వచ్చిన, ల్యాబులకు ఇచ్చే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు గుర్తును కేంద్రం మొత్తం బోర్డుమీద వేసుకుని, పక్కగదిలోని సీటీకి కూడా అదే మర్యాద సంపాదించడం చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడమే.

ఐచ్ఛికంగా ఉన్నదాన్ని తప్పనిసరి చేసిన అనుభవం అమెరికాకూ, ఆస్ట్రేలియాకూ ఉంది. అమెరికా మొదట మామోగ్రఫీతో మొదలుపెట్టింది. 1992లో చేసిన చట్టం ప్రకారం 1994 అక్టోబర్ 1 నుంచి ధ్రువపత్రం లేనిదే ఏ కేంద్రమూ మామోగ్రామ్ తీయకూడదు. రోగుల అసలు చిత్రాలనే అక్రెడిటేషన్ సంస్థకు పంపాలి. రొమ్ము కణజాలాన్ని పోలిన దిమ్మెను ఫిల్ము తీసి, అందులో దాచిన సన్నని పోగులు, చుక్కలు, గడ్డలు ఎన్ని కనిపించాయో చూపాలి. చిత్రాలు చదివే వైద్యుడు రెండేళ్లలో కనీసం 960 పరీక్షలు చదివి ఉండాలి. ఏటా తనిఖీ ఉంటుంది.

సీటీ, ఎమ్మారై, పెట్, న్యూక్లియర్ మెడిసిన్ దగ్గర ఆ దేశం వేరే దారి పట్టింది. అక్రెడిటేషన్ లేకుండా పనిచేయకూడదని అనలేదు. వృద్ధుల ఆరోగ్యబీమా మెడికేర్ నుంచి డబ్బు రాదని అంది. 2008 చట్టంలో ఆ మాట పెట్టి, 2012 జనవరి 1 నుంచి అమలు చేసింది. మధ్యలో మూడేళ్లకు పైగా గడువు. మదింపు చేయడానికి మొదట మూడు సంస్థలను ఎంచింది, కేంద్రం తనకు నచ్చినదాని దగ్గరికి వెళ్లవచ్చు. ఆ చట్టంలో కంతలు లేకపోలేదు: ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ దాని పరిధిలో లేవు, ఆసుపత్రుల లోపలి యంత్రాలూ లేవు. ఆస్ట్రేలియా 2008 జూలై 1న మొదలుపెట్టిన పథకం ఇంతకన్నా విశాలం. అక్కడి మెడికేర్ రాయితీ వచ్చే ఇమేజింగ్ సేవలన్నిటికీ దాన్ని క్రమంగా విస్తరించారు. గుర్తింపు లేని కేంద్రం, తన దగ్గర పరీక్షకు రాయితీ రాదని రోగికి ముందే చెప్పాలి.

రెండు దేశాలూ పట్టుకున్నది ఒకే పిడి: డబ్బు చెల్లించేవాడి చేతిలోని అధికారం. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఆ అధికారం చాలానే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, దాని తర్వాతి రూపాలు, ఉద్యోగుల ఆరోగ్య పథకాలు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రైవేటు భాగస్వామ్యంతో నడిచే స్కానింగ్ ఒప్పందాలు అన్నిటా చెల్లించేది ప్రభుత్వమే. రేడియేషన్ నియంత్రణ కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉన్నా, ఆసుపత్రులు, ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలోనివి. కేంద్ర ఉద్యోగుల పథకం సీజీహెచ్‌ఎస్ ఇప్పటికే గుర్తింపు ఉన్న సంస్థకు ఒక ధర, లేనిదానికి తక్కువ ధర ఇస్తోంది. మొదటి మెట్టుగా ఆ పద్ధతి పనికొస్తుంది. అక్కడే ఆగితే మాత్రం నాసి కేంద్రం చవక కేంద్రంగా స్థిరపడిపోతుంది. పేదవాడు అక్కడికే వెళతాడు. ధరల తేడాతో పాటు, ఏ తేదీ తర్వాత గుర్తింపు లేనివారికి అసలు చెల్లింపు ఉండదో కూడా మొదటి రోజే చెప్పాలి.

ఖర్చు గురించి చిన్న కేంద్రాల యజమానులు చెప్పే అభ్యంతరంలో న్యాయముంది. ఒక ఎక్స్‌రే, ఒక అల్ట్రాసౌండ్‌తో మండల కేంద్రంలో నడిచే చోటికీ, హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆరు సీటీలున్న సంస్థకూ ఒకే పరీక్ష పెడితే మొదటిది మూతపడి, జనం యాభై కిలోమీటర్లు బస్సెక్కాలి. అందువల్ల సీటీ, ఎమ్మారై, మామోగ్రఫీతో మొదలుపెట్టడం, వాటిలోనూ ప్రభుత్వ ఆసుపత్రుల యంత్రాలను ముందు వరుసలో పెట్టడం సరైన క్రమం. సర్కారు దవాఖానాలోని సీటీకి గుర్తింపు లేకుండా ప్రైవేటువారిని అడిగే నైతిక బలం ఏ ప్రభుత్వానికీ ఉండదు. అల్ట్రాసౌండ్ దగ్గర యంత్రం కంటే మనిషే ముఖ్యం కాబట్టి, దానికి కేంద్రం గుర్తింపు కన్నా స్కాన్ చేసేవారి పనిని ఏటా నమూనాగా పరిశీలించడం ఎక్కువ ఫలితమిస్తుంది. టెలిరేడియాలజీకి, చదివిన వైద్యుడి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, చదివిన సమయం రిపోర్టుమీదే ఉండాలన్న ఒక్క షరతు వెంటనే పెట్టవచ్చు.

గుర్తింపు పొందిన కేంద్రాల జాబితా జిల్లాలవారీగా తెలుగులో అందరికీ దొరకాలి. పేరు ఒక్కటే చాలదు. ఏ యంత్రానికి, ఏ పరీక్షకు, ఏ తేదీ వరకు అన్నవి అందులో ఉండాలి. గడువు తీరినా, గుర్తింపు రద్దయినా అదే వారంలో ఆ వరుస మారాలి. ఇందుకు సొంత తనిఖీ సిబ్బంది కావాలనుకుంటే, సుప్రీంకోర్టు 2001లో చెప్పిన రేడియేషన్ భద్రతా డైరెక్టరేట్లను ఏఈఆర్‌బీతో కలిసి బలపరచడం దగ్గరి దారి.

అమెరికా మామోగ్రఫీ చట్టానికి 1998లో జరిగిన సవరణలో ఇంకొక అంశం ఉంది. రేడియాలజిస్టు రిపోర్టు వైద్యుడికి వెళ్లడంతో పాటు, ఫలితం ఏమిటో మామూలు మాటల్లో రాసిన ఉత్తరం 30 రోజుల్లోగా ప్రతి స్త్రీకీ చేరాలి. ఇక్కడ రిపోర్టు పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది. కిందికి చూసి ‘ఇంప్రెషన్’ అన్నచోట రెండు వరుసలు ఎవరిచేతనో చదివించుకోవాలి. తెలుగులో నాలుగు వాక్యాల సారాంశం, మళ్లీ ఎప్పుడు ఎవరిని కలవాలన్న సూచన జతచేయాలన్న షరతును ప్రభుత్వం డబ్బు చెల్లించే ప్రతి సీటీ, ఎమ్మారై, మామోగ్రఫీ ఒప్పందంలో చేర్చవచ్చు. దానికి అక్రెడిటేషన్ గడువు దాకా ఆగనక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.